ఆపిన బిల్లు ఆదా కాదు

బొగ్గు గని మట్టి దిబ్బను సరిచేసి, పైన మొక్కలు పెంచిన కాంట్రాక్టరు నాకింకా ఇంత రావాలని కాగితం పెట్టగానే మన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. లెస్‌కు, అంటే అంచనాకంటే తక్కువకు, టెండరు వేసి పని పట్టాడు, ఇప్పుడు క్లెయిముల పేరుతో ఆ లెస్ రాబట్టుకుంటున్నాడు అంటారు. ఆఫీసులో ఈ మాటే, టీ కొట్టు దగ్గరా ఇదే. దానికి తోడు ఇంకొకటి: కట్టకపోతే పోయేదేముంది, ప్రజల డబ్బు ప్రజల దగ్గరే ఉంటుంది, అంత న్యాయం తన వైపే ఉంటే కోర్టుకెళ్లి తెచ్చుకోనీ అని.

మొదటి మాట కొన్నిసార్లు నిజం అవుతుంది. రెండో మాట నిజమైన సందర్భం నాకు కనిపించలేదు. గని పునరుద్ధరణ పనిలో అయితే అది పచ్చి అబద్ధం. అక్కడ క్లెయిము తేల్చకుండా పక్కన పడేస్తే ముందు సాక్ష్యం పోతుంది, తర్వాత చేసిన పనే పోతుంది, చివరికి అసలుతో పాటు వడ్డీ కూడా అదే ఖజానా నుంచి పోతుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఆ పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే ఎవరికైనా అర్థమయ్యేదే.

గోదావరి లోయ బొగ్గు ప్రాంతం తెలిసినవాళ్లకు ఓపెన్‌కాస్ట్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, మందమర్రి, భూపాలపల్లి, ఎటు వెళ్లినా ఊళ్లకంటే ఎత్తయిన ఓబీ దిబ్బలు కనిపిస్తాయి. బొగ్గు మీద ఉన్న మట్టినీ రాయినీ తోడి పోసిన గుట్టలవి. అలాగే వదిలేస్తే ప్రతి వానకూ ఆ మట్టి జారి కింది పొలాల్లోకి, వాగుల్లోకి దిగుతుంది. అందుకే దాన్ని మెట్లు మెట్లుగా బెంచీలు కట్టాలి. పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా రాసే షరతు ప్రకారం మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదు. నీళ్లు దిగడానికి కాలువలు తీయాలి, దిబ్బ అడుగున చుట్టూ గార్లాండ్ డ్రెయిన్ తవ్వాలి, మట్టి జారకుండా టో వాల్ కట్టాలి. గని తవ్వే ముందు తీసి విడిగా దాచిన పైమట్టిని మళ్లీ తెచ్చి పరచాలి. ఆ పైన గడ్డి, వెదురు, కానుగ, వేప. నాటి వదిలేస్తే సరిపోదు, సాధారణంగా మూడేళ్లు నీళ్లు పోసి బతికించాలి.

ఇందులో ఎన్నిచోట్ల తేడా రావచ్చో చూడండి. పైమట్టి రెండు కిలోమీటర్ల లీడ్‌లో, అంటే మోసే దూరంలో, దొరుకుతుందని టెండరులో రాస్తారు. తీరా పనిలోకి దిగేసరికి ఆ పైమట్టి కుప్ప మీద కొత్త ఓబీ పోసేసి ఉంటుంది. కాంట్రాక్టరు ఆరు కిలోమీటర్ల నుంచి తేవాలి. అదనపు లీడ్‌కు రేటు ఎంత? సైటు ఇంజనీరు నోటిమాటగా కానివ్వమంటాడు. వానలు దగ్గర పడుతున్నాయి కాబట్టి కాంట్రాక్టరు కానిచ్చేస్తాడు. బిల్లు దగ్గరికి వచ్చాక ఆ నోటిమాటకు కాగితం ఉండదు.

ఇంకా పెద్ద తగాదా కొలతది. నేలలో గట్టిగా ఉన్న మట్టిని తవ్వి టిప్పరులో పోస్తే ఉబ్బుతుంది. ఒక క్యూబిక్ మీటర్ మట్టి ఒకటింబావు దాకా అవుతుంది. దిబ్బ మీద పోసి డోజరు తొక్కించాక కొంత దిగుతుంది. ఒక వానాకాలం గడిస్తే మరికొంత దిగుతుంది. కాబట్టి టిప్పరు ట్రిప్పులు లెక్కేస్తే ఒక అంకె వస్తుంది, మట్టి తీసిన గుంతను కొలిస్తే ఇంకో అంకె, పరిచిన చోటును సర్వే చేస్తే మూడో అంకె. ఈ మూడింటిలో ఏదీ దొంగ లెక్క కానక్కర్లేదు. ఏ లెక్కకు డబ్బు కట్టాలో కాంట్రాక్టులో తేటగా రాసి, పనికి ముందూ తర్వాతా ఇద్దరూ కలిసి లెవెల్స్ తీసుకుని సంతకాలు పెడితే తగాదాకు చోటే లేదు. అది జరగనప్పుడు పెద్ద అంకె చెప్పినవాడు దొంగ, చిన్న అంకె చెప్పినవాడు ప్రజాధన రక్షకుడు అయిపోతాడు. ఈ తీర్పు ఎవరిచ్చారు?

రోడ్డు పనితోనో భవనం పనితోనో దీన్ని పోల్చేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. భవనం మీద వివాదం వచ్చి ఐదేళ్లు నానినా భవనం అక్కడే ఉంటుంది. ఎవరైనా టేపు పట్టుకుని కొలవచ్చు, గోడకు రంధ్రం చేసి సిమెంటు పాలు చూడవచ్చు. దిబ్బ మీద పని అలా కాదు. మే నెలలో సరిచేసిన వాలును జూలై వాన కోసేస్తుంది. వాలు పొడుగునా మనిషి లోతు గాడులు పడతాయి. కాంట్రాక్టరు డోజరు తెచ్చి గాడులు పూడ్చి మళ్లీ వాలు దిద్దుతాడు. ఆ రెండోసారి చేసిన పనికి నవంబరులో ఆనవాలు ఉండదు. అప్పటికి వాలు మళ్లీ సాఫుగా ఉంటుంది, పైన గడ్డి మొలిచి ఉంటుంది. పని ఎంత బాగా చేస్తే అంత చక్కగా దాని ఆనవాలు మాసిపోతుంది. ఆ వారంలో తీసిన సర్వే, రోజువారీ లాగ్ బుక్కు, ఫొటోలు ఉంటే నిజం తేలుతుంది. మూడేళ్ల తర్వాత ఆర్బిట్రేటర్ ముందు కూర్చున్నప్పుడు ఇరువైపులా మిగిలేవి జ్ఞాపకాలే. అప్పటికి సైటు ఇంజనీరు బదిలీ అయి ఉంటాడు, సర్వేయరు రిటైరై ఉంటాడు.

కాబట్టి తర్వాత చూద్దాం అనే మాటకు ఇక్కడ ఒకటే ఫలితం: రుజువు చెరిగిపోతుంది. నిజాయితీగల కాంట్రాక్టరు దగ్గర రుజువు లేకుండా పోతుంది, దొంగ బిల్లు పెట్టినవాణ్ణి పట్టుకునే రుజువూ లేకుండా పోతుంది. దొంగకు భయపడి ఆలస్యం చేశామనేవాళ్లు ఈ రెండో సగం గురించి ఎందుకు మాట్లాడరు? పది వేల క్యూబిక్ మీటర్లు ఎక్కువ రాసిన కాంట్రాక్టరును అక్టోబరులో డ్రోన్ సర్వేతో పట్టుకోవచ్చు. నాలుగేళ్లు నానితే వాడు కూడా మట్టి దిగిపోయింది సార్ అని తప్పించుకుంటాడు. ఆ జవాబును కొట్టిపారేయడానికి బొగ్గు సంస్థ చేతిలో ఏమీ ఉండదు.

మొక్కల సంగతి ఇంకా కఠినం. నాటడం వానల్లో, జూన్ నుంచి ఆగస్టులోగా అయిపోవాలి. లెక్క మాత్రం తర్వాత వేస్తారు. నాటినవాటిలో ఇంత శాతం బతికుండాలని షరతు, తగ్గితే కోత. దిబ్బ మీద నేల మన చేను నేల లాంటిది కాదు. రాయీ షేలూ కలిసిన మట్టి నీరు పట్టి ఉంచదు. ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారం దాకా ట్యాంకరుతో నీళ్లు పోస్తేనే మొక్క నిలుస్తుంది. ఇప్పుడు జనవరిలో రన్నింగ్ బిల్లు మీద ఏదో అభ్యంతరం వచ్చి ఆగిందనుకోండి. మార్చికి ట్యాంకరు యజమాని బాకీ తీరిస్తేనే వస్తానంటాడు. నీళ్లు మోసే ఆడవాళ్లకు రెండు వారాల కూలి బాకీ పడితే మూడో వారం వాళ్లు మిరప కోతకు పోతారు. పోకుండా ఎలా ఉంటారు? మేలో మొక్కలు ఎండుతాయి. జూలైలో కమిటీ వచ్చి లెక్కేసి, బతికినవి సగమే కాబట్టి కోత వేయమని రాస్తుంది. జనవరిలో ఆపిన బిల్లే మేలో మొక్కను చంపిందని ఆ రిపోర్టులో ఎక్కడా ఉండదు. పైగా అదే ప్లాట్లో మళ్లీ నాటడానికి కొత్త టెండరు. ఆ డబ్బు ఎవరిది? ప్రజలదే.

కాంట్రాక్టరు అనగానే మనకు తెల్ల చొక్కా, పెద్ద బండి గుర్తొస్తాయి. పునరుద్ధరణ పనిలో ఆ మనిషి కింద ఇంకా చాలామంది ఉంటారు. కిస్తీల మీద ఎక్స్‌కవేటరు కొన్న చిన్న యజమాని, టిప్పరు డ్రైవరు, నర్సరీవాడు, భూమి గనికి పోగా ఆ గని దిబ్బ మీదే మొక్కలు నాటే కూలీ. పైన చెల్లింపు ఆగితే దెబ్బ పైనున్నవాడి దగ్గర ఆగదు, కింది మెట్టు దాకా దిగుతుంది. పైనున్నవాడు బ్యాంకు దగ్గర అప్పు తెచ్చుకుని నిలదొక్కుకుంటాడు. కింది మెట్టు మీదవాళ్లకు ఆ అవకాశం లేదు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని అప్పగించిన సంస్థే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. సంస్థే బిల్లు ఆపి కూలి ఆగేలా చేసిన చోట ఆ మాటకు అర్థమేం మిగిలింది?

ఇక డబ్బు లెక్క. ఉదాహరణకు నాలుగు కోట్ల క్లెయిము అనుకుందాం. ఏడేళ్లు నడిచి 12 శాతం సాధారణ వడ్డీతో అవార్డు వచ్చిందనుకుంటే వడ్డీయే 3 కోట్ల 36 లక్షలు. లాయర్ల ఫీజులు, ఆర్బిట్రేటర్ ఫీజు అదనం. మొదటి ఏడాదిలోనే కూర్చుని తేల్చి ఉంటే, న్యాయంగా రావాల్సింది రెండున్నర కోట్లని తేలినా, నాలుగు కోట్లు పూర్తిగా తేలినా, ఖజానాకు లాభమే అయ్యేది. ఇది నా సొంత లెక్క అనుకునేవాళ్లు కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన సాధారణ సూచనలు చదవాలి. ఆర్బిట్రేషన్ అవార్డులను ప్రభుత్వ సంస్థలు సవాలు చేసిన కేసుల్లో ఎక్కువ భాగం చివరికి కాంట్రాక్టరు పక్షానే తేలుతున్నాయని, అప్పటికి పేరుకున్న వడ్డీ ప్రభుత్వం అప్పు తెచ్చుకునే రేటుకంటే చాలా ఎక్కువని అందులో ప్రభుత్వమే ఒప్పుకుంది. అంటే పొదుపు అనుకుంటున్న పని నిజానికి ఎక్కువ వడ్డీకి అప్పు చేయడమేనని సర్కారు లెక్కలే చెబుతున్నాయి.

ఆ సూచనల్లోనే ఇంకో మాట ఉంది. రన్నింగ్ బిల్లు పెట్టిన పది పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం కట్టేయాలి, మిగతాది తనిఖీ ముగించి 28 పనిదినాల్లోగా ఇవ్వాలి. బిల్లు పూర్తిగా సరిచూడనిదే పైసా కదలకూడదనే మన పాత అలవాటును ఇది తలకిందులు చేసింది. ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు కనిపించదు. పాతిక శాతం చేతిలో ఉంచుకుని తగాదా పడవచ్చు, నూటికి నూరూ బిగబట్టాల్సిన పనిలేదు. అయినా క్లెయిము వచ్చిన మరుక్షణం దానితో సంబంధం లేని, అందరూ ఒప్పుకున్న మొత్తాన్ని కూడా కలిపి తొక్కిపెట్టే పద్ధతి మన ఆఫీసుల్లో ఇంకా పోలేదు. ఐదు లక్షల వివాదం కోసం యాభై లక్షలు ఆపడాన్ని జాగ్రత్త అనలేం. అది బెదిరింపు.

మన రాష్ట్రాల్లో ఈ జబ్బు గనులకే పరిమితం కాలేదు. ఉపాధి హామీ పనుల బకాయిల మీద వందల పిటిషన్లు పడి, 2021లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 12 శాతం వడ్డీతో కట్టమని ఆదేశించాల్సి వచ్చింది. ఆ వడ్డీతో పొదుపు అయింది ఎవరికి?

కోర్టు చెబితే కడదాం అనే మాట వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. తానుగా సంతకం పెట్టి రెండు కోట్లు ఇచ్చిన ఇంజనీరును ఆడిట్ అడుగుతుంది, విజిలెన్స్ అడుగుతుంది. కోర్టు ఆదేశంతో ఐదు కోట్లు ఇచ్చినవాణ్ణి ఎవరూ అడగరు. ఈ ఏర్పాటులో ఏ ఇంజనీరైనా ఐదు కోట్ల దారే ఎంచుకుంటాడు. తప్పు ఆ మనిషిది కాదు, ఏర్పాటుది. స్వార్థం ఉందని నిరూపించకపోయినా, ఎవరికో లాభం కలిగితే చాలు అధికారిని నేరస్తుణ్ణి చేయగలిగిన నిబంధనను అవినీతి నిరోధక చట్టం నుంచి 2018లో తీసేశారు. భయానికి కారణం కొంత తగ్గింది, భయం మాత్రం తగ్గలేదు.

నో క్లెయిమ్ సర్టిఫికెట్ అనే ఆయుధం కూడా అంత పదునైంది కాదు. ఫైనల్ బిల్లు కావాలంటే ఇక నాకేమీ రావాల్సింది లేదని రాసివ్వమంటారు. డబ్బు అవసరంలో ఉన్నవాడు రాసిస్తాడు. తర్వాత ఆ కాగితం చూపి నోరు మూయించాలని చూస్తారు. ఒత్తిడితో రాయించుకున్న అలాంటి కాగితం క్లెయిముకు పూర్తి అడ్డు కాదని సుప్రీంకోర్టు బొఘారా పాలీఫ్యాబ్ కేసులో 2008లో, కలాథియా కేసులో 2011లో చెప్పింది. అంతకంటే చాలా ముందే, 1961లో, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బి.కె. మండల్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో ఇంకా మౌలికమైన మాట చెప్పింది. పౌర సరఫరాల శాఖ అధికారులు అడిగారని ఆ సంస్థ ఆరాంబాగ్‌లో కచ్చా రోడ్డు, గార్డు గది, వంటగది కట్టింది. సరైన రూపంలో కాంట్రాక్టు లేదు కాబట్టి కట్టనంది ప్రభుత్వం. ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా చేసిన పనిని స్వీకరించి లాభం పొందినప్పుడు పరిహారం ఇవ్వాల్సిందేనని, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రభుత్వానికీ వర్తిస్తుందని కోర్టు తేల్చింది. ఆ పని గురించి కాంట్రాక్టులోనే షరతు రాసి ఉంటే ఈ సెక్షన్ పనిచేయదు, ఆ షరతే దారి. కానీ వానకు కోసుకుపోయిన వాలును మళ్లీ దిద్దడం ఎవరి ఖర్చో కాంట్రాక్టులో ఎక్కడా లేనప్పుడు, నోటిమాటతో చేయించుకుని రాతలో లేదనడం ఇన్నేళ్ల కిందటే చెల్లదని తేలిన వాదన.

ఇప్పుడు ఎదుటివాళ్ల బలమైన వాదన దగ్గరికి వస్తాను. లెస్‌కు వేసి క్లెయిములతో రాబట్టుకునేవాళ్లు ఉన్నారు. ఉన్నారు, కాదనను. ఇంజనీరుతో కుమ్మక్కై లేని ట్రిప్పులు రాయించుకునేవాళ్లూ ఉన్నారు. అయితే దానికి మందు ఎక్కడ వేయాలి? అంచనాకంటే చాలా తక్కువకు వేసిన టెండరును తెరిచిన రోజే పక్కన పెట్టవచ్చు, లేదా అదనపు సెక్యూరిటీ తీసుకోవచ్చు. ఆ రోజు తక్కువ ధర చూసి సంతోషించి, పని అయ్యాక తక్కువకు వేశాడు కాబట్టి వీడు అబద్ధమాడుతున్నాడనడం న్యాయం కాదు. తక్కువకు వేసినవాడికి కూడా నిజమైన అదనపు పని ఉండవచ్చు. 2020 మొదట్లో డెబ్బై రూపాయల పైన ఉన్న లీటరు డీజిల్ 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో నూరు దాటింది. డోజర్లూ టిప్పర్లే పనిగా నడిచే కాంట్రాక్టులో ధరల సవరణ షరతు సరిగా లేకపోతే ఏ రేటుకు వేసినవాడైనా మునుగుతాడు. అది మోసం కాదు. ఇక లేని ట్రిప్పులు రాయించుకున్నవాడికి బిల్లు ఆలస్యం శిక్ష కాదు, కేసు పెట్టడం శిక్ష. వందమందిలో పదిమంది దొంగలని తొంభైమందికి డబ్బు ఆపితే, ఆ తొంభైమందిలో నిలబడలేనివాళ్లు రంగం వదిలిపోతారు. మిగిలేది ఆలస్యాన్ని ముందే లెక్కగట్టి రేటు పెంచి వేయగలిగినవాళ్లు, ఆఫీసులో బిల్లు కదిలించుకోగల పలుకుబడి ఉన్నవాళ్లు. దొంగలను తరిమేస్తామన్న పద్ధతి వాళ్లకే మైదానం అప్పజెబుతోంది.

ఈ రంగంలో నిధుల్లేవనే సాకు కూడా నిలవదు. బొగ్గు గనులకు కేంద్రం 2009లో గని మూసివేత మార్గదర్శకాలు తెచ్చింది, 2013లో సవరించింది. ఓపెన్‌కాస్ట్ గని హెక్టారుకు ఆరు లక్షలు, భూగర్భ గని హెక్టారుకు లక్ష చొప్పున 2009 ధరల మీద లెక్కగట్టి, ఏటేటా పెంచుతూ ఎస్క్రో ఖాతాలో వేయాలని అప్పట్లో అందులో ఉండేది. ఐదేళ్లకోసారి తనిఖీ చేసి, జరిగిన పనిని బట్టి జమలో 80 శాతం దాకా సంస్థకు వెనక్కి ఇవ్వవచ్చని కూడా ఉండేది. నా వాదనకు ఇది గుండెకాయ. దిబ్బ సరిచేశాం, ఇంత పైమట్టి పరిచాం, ఇన్ని హెక్టార్లలో మొక్కలు పెంచాం అని సంస్థ కోల్ కంట్రోలర్‌కు లెక్క చూపి సొమ్ము వెనక్కి అడగాలి. ఆ లెక్కలో పని పూర్తయినట్టు చూపి, కాంట్రాక్టరు బిల్లు దగ్గర అదే పని కొలతను ఒప్పుకోబోమనడం కుదరదు. ఒకే నేల, ఒకే పని, రెండు కొలతలు ఉండకూడదు. మూసివేత తనిఖీకి పంపే సర్వే పటం ఏదో అదే బిల్లుకూ ఆధారం కావాలి. అప్పుడు కాంట్రాక్టరు ఎక్కువ రాయలేడు, సంస్థ తక్కువ రాయలేదు.

చేయాల్సింది పెద్ద సంస్కరణ కూడా కాదు. మే ఆఖరులో ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి, ఇద్దరి సమక్షంలో డ్రోన్ సర్వే చేసి అదే రోజు ఇద్దరూ సంతకం పెట్టాలి. వానకు కోత పడితే పూడ్చే ముందు ఇరవై నాలుగు గంటల్లో సైటు ఇంజనీరు వచ్చి చూడాలి. రాకపోతే కాంట్రాక్టరు ఫొటోలే రికార్డు. నోటిమాటతో చెప్పిన అదనపు పనిని మూడు రోజుల్లో కాగితం మీద పెట్టాలి. క్లెయిము వస్తే ఒప్పుకున్న భాగాన్ని విడదీసి వెంటనే కట్టాలి. మిగతా దాని మీద, పని మొదలైన రోజునే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న ఒక తటస్థ ఇంజనీరు నెల రోజుల్లో కారణాలతో సహా రాసివ్వాలి. ఆ మనిషి సంస్థ జాబితా నుంచి సంస్థే ఏరుకున్నవాడు కాకూడదు. ప్రభుత్వ సంస్థలు ఏకపక్షంగా ఆర్బిట్రేటర్లను నియమించడం సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. సైటు దగ్గరి నిర్ణయానికీ ఆ నీతే వర్తించాలి. ఆర్థిక శాఖ 2024 జూన్‌లో పది కోట్లు, అంతకు మించిన వివాదాలకు ఆర్బిట్రేషన్ షరతు మామూలుగా పెట్టవద్దంది, మధ్యవర్తిత్వం వైపు వెళ్లమంది. ఆ దారి పనిచేయాలన్నా ముందు నమ్మదగిన కొలత ఉండాలి. కొలత లేని మధ్యవర్తిత్వం బేరమే అవుతుంది. కాంట్రాక్టు వివాదాలు తేల్చడానికి 2023లో కేంద్రం తెచ్చిన వివాద్ సే విశ్వాస్ రెండో పథకంలో ఆర్బిట్రేషన్ అవార్డు గెలిచినవాణ్ణి అందులో 65 శాతం తీసుకుని సర్దుకోమన్నారు. గెలిచినవాడు మూడో వంతు వదులుకోవాల్సిన స్థితికి రావడమే వ్యవస్థ ఓటమి.

ఇవన్నీ ఆడిట్ ఒప్పుకోదంటారు. ఆడిట్ ముందున్న నమూనాలో ఈ బిల్లు ఎందుకు కట్టారన్న ప్రశ్నే ఉంది కాబట్టి అధికారికి ఆ ఒక్క భయమే ఉంది. ఆ పక్కనే ఇంకో కాలమ్ పెట్టాలి: ఈ బిల్లు ఎన్ని రోజులు ఆపారు, ఏ కారణంతో, ఆపమని సంతకం పెట్టింది ఎవరు, ఆ రోజులకు సంస్థ మీద పడిన వడ్డీ ఎంత, ఆ మధ్యలో దిబ్బ మీద ఎన్ని మొక్కలు పోయాయి. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, ప్రతి బొగ్గు సంస్థ బోర్డూ తన తదుపరి సమావేశంలోనే తీర్మానం చేయవచ్చు.